ఫ్రీ బస్సు ఎక్కుతున్నా డబ్బులు ఎందుకు మిగలడం లేదు?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటాం. అమీర్‌పేటలో ఒక ల్యాబ్‌లో బిల్లింగ్ చేస్తాను, జీతం 22 వేలు. ముందు రోజూ మెట్రోలో వెళ్లేదాన్ని, రానూపోనూ వంద అయ్యేది. ఇప్పుడు ఎక్కువగా ఫ్రీ బస్సే. నెలకు రెండున్నర వేలు మిగలాలి కదా, పైసా కనిపించడం లేదు. పైగా మూడుసార్లు లేటైతే ఒక రోజు జీతం కట్. మావారు బండి మీద బాలానగర్‌కి రోజుకు నలభై కిలోమీటర్లు తిరుగుతారు. 3,200 ఈఎంఐతో మూడేళ్లకు నన్నూ స్కూటీ తీసుకోమని అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: స్కూటీ ఇప్పుడు వద్దండీ. ఈఎంఐ 3,200 ఒక్కటే కాదు కదా, రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగితే నెలకు పదిహేను లీటర్ల పెట్రోలు, లీటరు 107 రూపాయలు వేసుకున్నా ఇంకో పదహారు వందలు, అంటే సర్వీసింగు, ఇన్సూరెన్సు పక్కన పెట్టినా జీతంలో ఐదో వంతు పైనే బండికి పోతుంది. లక్డీకాపూల్ ట్రాఫిక్‌లో నిలబడటానికి అంత పెట్టాలా?

ఇక అసలు సంగతి. ఫ్రీ బస్సు మీకు డబ్బు ఇవ్వలేదు, ఖర్చు కాకుండా ఆపింది. ఆపిన డబ్బు అదే అకౌంట్లో ఉంటే వానొచ్చిన రోజు ఆటోకి, నీరసమొచ్చిన రోజు స్విగ్గీకి, 'బస్సు ఫ్రీయే కదా' అని ఆదివారం కోఠీ వెళ్లి తెచ్చిన రెండు డ్రెస్సులకి వెళ్లిపోతుంది. మీ ఒక్కరినే అనడం లేదు, మా ఇంట్లోనూ ఇదే కథ. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైతే, మా ఆవిడకి ఎంత మిగిలిందని ఆర్నెల్ల తర్వాత కూర్చుని లెక్క చూశాం. ఏమీ లేదు. సలహాలు చెప్పే నేనే నోరు మూసుకున్నాను.

అందుకే ఫ్రీ బస్సులో కండక్టర్ ఇచ్చే సున్నా రూపాయల టికెట్, అదే జీరో టికెట్, పారేయకండి. ఆఫీసుకి వెళ్లొచ్చిన ప్రతి జీరో టికెట్‌ను పర్సులో ఒక అరలో పెట్టండి, ఆదివారం లెక్కపెట్టి ఒక్కోదానికి యాభై చొప్పున ఏటీఎం కార్డు లేని వేరే అకౌంట్‌కి పంపేయండి. ఐదు టికెట్లుంటే 250. షికార్ల టికెట్లు లెక్కలోకి రావు, అవి మిగులు కాదు.

అయితే రెండు పూటలా బస్సే ఎక్కాలని పట్టుబట్టకండి. మీ ఒక రోజు జీతం దాదాపు 850, అంటే పదిహేడు మెట్రో టికెట్లు. మూడుసార్లు లేటైతే పదిహేడు టికెట్ల డబ్బు పోయినట్టే, అందులో ఫ్రీ ఎక్కడుంది? పొద్దున మెట్రో ఎక్కండి, సాయంత్రం ఎలాగూ తొందర లేదు కాబట్టి బస్సులో రండి. నెలకు 26 రోజులైతే 1,300 నిజంగా మిగులుతుంది. అందులో వెయ్యి పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి, మిగతా మూడొందలు వానాకాలం ఆటోలకి ఉంచుకోండి. ఐదేళ్ల ఆర్‌డీకి 6.7 శాతం వడ్డీ, ఆ లెక్కన మీరు కట్టే 60 వేలు సుమారు 71,300 అవుతుంది. పెద్ద మొత్తం కాదు నిజమే, కానీ అద్దె ఇల్లు మారాల్సి వస్తే అడ్వాన్స్‌కి ఎవరి దగ్గరా చేయి చాచక్కర్లేదు.

సిటీలో ఫ్రీ అనేది ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. తొందరలో మెట్రో డీలక్స్ ఎక్కేసి కండక్టర్‌తో గొడవపడే వాళ్లను రోజూ చూస్తుంటాను, పేరులో మెట్రో ఉంటే సరిపోదు. తెలంగాణ అడ్రస్ ఉన్న ఒరిజినల్ ఆధార్ దగ్గర ఉంచుకోండి, జిరాక్స్ నమ్ముకోకండి.

మీవారి బండి గురించి కూడా ఒక మాట. బాలానగర్‌కి రోజుకు నలభై కిలోమీటర్లు అన్నారు, నెలకు పెట్రోలే రెండున్నర వేలకు దగ్గరవుతుంది. మగవాళ్లకు ఫ్రీ లేదు గానీ మెట్రో ఎక్స్‌ప్రెస్ నెల పాస్ ఉంది, 2025 జూన్‌లో 1,300 నుంచి 1,600 చేశారు. పెరిగినా పెట్రోలు కంటే తక్కువే. బండి అమ్మమనడం లేదు, రాత్రి షిఫ్టులుంటే అసలు పాస్ జోలికే వెళ్లొద్దు. పగటి డ్యూటీలున్న ఒక్క నెల పాస్ తీసుకుని చూడమనండి, అప్పుడు స్కూటీ మాట ఆయనే ఎత్తరేమో.

కర్నూలు నుంచి వచ్చే మీ అత్తగారికి ఇక్కడ ఫ్రీ ఉంటుందా అని కింద చిన్నగా అడిగారు. ఆవిడ ఆధార్ ఆంధ్రాది కాబట్టి ఉండదు. 2025 ఆగస్టు 15న అక్కడ మొదలైన స్త్రీశక్తి అనే ఫ్రీ బస్సు పథకం ఆంధ్రాలోని బస్సులకే, హైదరాబాద్ వచ్చే అంతర్రాష్ట్ర బస్సుకి చెల్లదు. ఆవిడకి టికెట్ డబ్బులు పక్కన పెట్టుకోండి.