పెరటి కలుపు అంతా పీకి పారేయాలా?

వానలకు పెరట్లో మొలిచిన కలుపునంతా పీకేయాలా అని అడిగారు. వద్దు. ఎర్రని కాడలు, దళసరి ఆకులతో నేలకు పరుచుకున్నది గంగవాయిలి కూర అయితే పప్పులో వేయండి. దానికే పులుపు ఉంటుంది, చింతపండు తగ్గించండి. అంత మంచి కూరను చెత్తకుప్పలో చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కోసే ముందు ఒక కాడ విరిచి చూడండి. తెల్లని పాలు కారితే అది నానబాలు, కూరకు పనికిరాదు. కలుపుమందు కొట్టిన చోటిది అసలే తినకండి.

తుంగతోనే తంటా. లాగితే ఆకులే చేతికొస్తాయి, గడ్డలు లోపలే ఉండి మళ్లీ మొలుస్తాయి. నేల తడిగా ఉన్నప్పుడే గునపంతో తవ్వి గడ్డలతో సహా తీయాలి. వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్కను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకండి. చాలామందికి దద్దుర్లు వస్తాయి.