'సెట్' అనే మాటకు ఇన్ని అర్థాలుంటే ఎలా గుర్తుపెట్టుకోవాలి?

'సెట్' అనే చిన్న మాటకు నిఘంటువులో పేజీలకొద్దీ అర్థాలున్నాయి, అన్నీ బట్టీ పట్టాలా అని అడిగారు. వద్దండి. పదేళ్లుగా నెల్లూరులో పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ మాట నాకు అర్థమైంది మాత్రం తరగతిలో కాదు, పొదలకూరు దగ్గర మా నిమ్మతోటలో.

నేను ఇంటర్ చదివేటప్పుడు నాయన ఒక మందు సీసా తెచ్చి, దాని మీదుండే ఇంగ్లిష్ చదవమన్నాడు. 'ఫ్రూట్ సెట్' పెరుగుతుందని ఉంది. సెట్ అంటే గుంపు అనే నాకు తెలుసు. "కాయలు గుత్తులు గుత్తులుగా వస్తాయంట నాయనా" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇది పూత మీద కొట్టే మందురా అబ్బయా. పూత మీద కొట్టేది పిందె నిలబడేదానికే" అని ఒక కొమ్మ వంచాడు. రేకులు రాలిన చోట గుండుసూది తలంత పచ్చటి పిందెలు. గోటితో అలా తాకితే ఒకటి రాలిపోయింది, పక్కది కదల్లేదు. "ఇదిగో, ఇది నిలిచింది. సీసా మీద రాసింది దీన్నే" అన్నాడు. ఇంగ్లిష్ ముక్క రాని మనిషి నాకంటే సరిగ్గా చెప్పాడు.

తర్వాత తెలిసింది, 'సెట్' అనే క్రియ 'సిట్' నుంచే పుట్టిందని. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఉంగరంలో రాయి పొదగడం, విరిగిన ఎముకను దాని చోట కూర్చోబెట్టడం (మనవాళ్లు పుత్తూరు కట్టుకు పోయేది అందుకే గదా), రెండూ సెట్టే.

ఇంకా సులువు కావాలంటే మన 'పెట్టు'ను తలుచుకోండి. అలారం పెట్టడం, నిప్పు పెట్టడం, ఉచ్చు పెట్టడం, ముహూర్తం పెట్టడం: ఇన్నిటికీ ఇంగ్లిష్‌లో సెట్ సరిపోతుంది. మన 'పెట్టు'కు ఎన్ని అర్థాలో ఎవరూ లెక్కపెట్టి నేర్చుకోలేదు. అన్నం పెట్టడం, ముద్దు పెట్టడం లాంటి చోట్ల మాత్రం ఈ జోడీ కుదరదు.

ఒకరు పెట్టకుండా దానంతటదే కుదురుకుంటే రెండో రకం. పాలు తోడుకున్నా, పిందె నిలిచినా, సిమెంటు బిగుసుకున్నా సెట్ అయినట్టే. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా బిగుసుకోవాలి అని మన దేశ ప్రమాణం. ఇంజనీర్లు 'సెట్టింగ్ టైమ్' అనేది దీన్నే. పొద్దు గూకడమూ సెట్టే, అది విడిగా గుర్తుంచుకోండి.

గుంపు, జత అనే అర్థం వేరే దారిలో వచ్చింది. దాని మూలం లాటిన్ 'సెక్టా', ఒకరి వెంట నడిచేవాళ్ల వర్గం. పాత ఫ్రెంచి మీదుగా వచ్చి ఈ సెట్‌తో కలిసిపోయింది. లెక్కల్లో సమితి, గిన్నెల సెట్టు ఈ కోవలోవి.

అసలు చిక్కు మన తెలుగు 'సెట్'తోనే. "చొక్కా సెట్ అయింది", "ఆ ఉద్యోగం నాకు సెట్ కాలేదు" అని రోజూ అంటాం. ఇంగ్లిష్‌లో అలా అనరు. కావలి నుంచి వచ్చే ఒకమ్మాయి ఇంటర్వ్యూ సాధనలో "ది టైమింగ్స్ డిడ్ నాట్ సెట్ ఫర్ మీ" అంది. అక్కడ 'సూట్' రావాలి: "ది టైమింగ్స్ డిడ్ నాట్ సూట్ మీ". చొక్కాకైతే కొలత కుదిరితే 'ఫిట్', రంగు నప్పితే 'సూట్'.