కొత్తగా డిజైన్ పాఠాలు చెప్పబోతున్న అమ్మాయికి

అమ్మణ్ణీ,

వచ్చే వారం నుంచి ఫస్టియర్ పిల్లలకి క్లాసులు తీసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషంగా ఉంది. పర్యావరణం సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక టెన్షన్‌గా ఉందన్నావు కదా, నాకు తోచింది రాస్తున్నాను.

దానికి వేరే యూనిట్ పెట్టి సెమిస్టర్ చివర్లో రెండు క్లాసులు చెప్పి వదిలెయ్యకు. మొదటి రోజు నుంచే ఏ వస్తువు చేతికిచ్చినా ఇవే అడుగు: ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చేశారు, వాళ్ళ చేతికి ఎంత ముట్టింది, పనైపోయాక ఎక్కడికి పోతుంది. బొమ్మ గీయడం ఆ తర్వాత.

సిలబస్‌లో బౌహౌస్ (జర్మనీలోని పేరున్న పాత డిజైన్ స్కూలు) ఉంటుంది, చెప్పు. కానీ మొదటి క్లాసుకి ఇంట్లోంచి ఒక ఇత్తడి చెంబు పట్టుకెళ్ళు. అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికిచ్చిన రిపోర్టులో ఈ చెంబు గురించే రాశారు. 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) పుట్టడానికి ఆ రిపోర్టే దారి వేసింది. చెంబుని ఏ ఒక్కరో కూర్చుని డిజైన్ చేసి ఉండరు, తరతరాలుగా ఎందరో దిద్దుకుంటూ వచ్చారన్నారు. ఎంత పడుతుంది, ఎత్తితే ఎలా ఆనుతుంది, వంచితే నీళ్ళెలా పడతాయి, చివరికి పాతసామాన్లకి వేస్తే ఆ లోహానికి విలువెంత అని కూడా అడిగారు. పిల్లల చేత చెంబు ఎత్తించి, నీళ్ళు పోయించి, ఆ ప్రశ్నలు వాళ్ళ చేతే వేయించు.

తర్వాత మిక్సీ రిపేరు కొట్టుకి పంపు. జారు అడుగున ఉండే రబ్బరు కప్లర్‌ని, అంటే మోటారుకీ బ్లేడుకీ మధ్య ఉండే ముక్కని, చూపించు. జారులో బ్లేడు బిగుసుకుపోతే ముందు అరిగేది, తెగేది అదే. దాంతో మోటారు బతికిపోతుంది. తక్కువ ఖర్చులో కొత్తది వేసుకోవచ్చు. ముందు ఏది చెడిపోవాలో ఎవరో ఆలోచించి పెట్టారు, అదీ డిజైనంటే. ఏ కంపెనీ మిక్సీ విప్పడం కష్టమో ఆ మెకానిక్‌నే అడగమను. స్క్రూలు లేకుండా అతికించేసిన వస్తువుల మీద ఆయన చెప్పే మాటలు నోట్సులో రాసుకోవాలి.

ఇంక ఫ్లెక్సీలు. మన తిరుపతిలో జాతరైనా, పుట్టినరోజైనా, లీడరొచ్చినా అవే. పాలియెస్టర్ గుడ్డకి పీవీసీ పూత అది. రెండూ విడదీయడం కష్టం కాబట్టి మళ్ళీ పనికి రావడమూ తక్కువే. కాలిస్తే విషవాయువులు. పిల్లలు వెంటనే "గుడ్డ మీద ప్రింట్ చేద్దాం మేడమ్" అంటారు. అక్కడే ఆపెయ్యనివ్వకు. అసలు ఆ బ్యానర్ ఒక్క రోజుకే ఎందుకు పనికొస్తోందో అడుగు. తేదీ, ఏటా మారే ఫొటోలు ఉన్నందుకు! గంగమ్మ జాతరకి తేదీ లేకుండా గుడ్డ మీద అందంగా ఒకటి రాయించి, తేదీ మాత్రం చిన్న పలక మీద తగిలిస్తే ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. నా లెక్కలో మెటీరియల్ మార్చడం కంటే ఈ ఆలోచన పెద్దది. మార్కులు వేసేటప్పుడు దీనికి ఎక్కువ వెయ్యి, మెరిసే రెండరింగ్ బొమ్మలకి కాదు.

శ్రీకాళహస్తి కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో గీసి రంగులద్దే పని, దాని విషయం మాత్రం వివరంగా చెప్పాలి, నువ్వు తప్పకుండా తీసుకెళ్తావని తెలుసు కాబట్టి. చాలామంది వెళ్ళి నెమళ్ళనీ, లతలనీ ఫొటో తీసుకొచ్చి, స్కాన్ చేసి, పాలియెస్టర్ మీద డిజిటల్ ప్రింట్ కొట్టి ప్రాజెక్ట్ అంటారు. అది నాకు బాధగా ఉంటుంది. నీ పిల్లలు మోటిఫ్, అంటే ఆ నెమలీ లతా, తర్వాత చూడొచ్చు, ముందు పని చూడాలి. గాడా అనే ముతక నూలు గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగుని పాకనివ్వదు. చింతపుల్ల బొగ్గుతో గీత, ఆ మీద వెదురు కలంతో నలుపు. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన ఆ ద్రవం, గుడ్డలోని కరక్కాయ వగరుకి తగలగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు, ఎక్కువైన పటికని పారే నీళ్ళలో జాడిస్తారు. నిలవ నీళ్ళలో ముంచితే పటిక పక్కలకి పాకి ఎరుపు అలుక్కుపోతుంది. ఆ ఊరి పక్కనున్న స్వర్ణముఖి ఏడాది పొడవునా పారే నది కాదు. సహజ రంగు కదా, అంతా మంచిదే అనేసి ఊరుకోకుండా, ఈ పనికి నీళ్ళెన్ని కావాలి, అవి ఎక్కడి నుంచి వస్తాయో లెక్క కట్టించు.

ఈ విద్య ఊరికే నిలబడలేదు. చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పట్టుదలతో 1950ల్లో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అయినా ప్రాజెక్ట్ రిపోర్టుల్లో చాలాసార్లు కళాకారుడి పేరుండదు, "స్థానిక కళాకారులు" అని ఒక ముక్క ఉంటుంది. నీ క్లాసులో గీసినవాళ్ళ పేరు, అద్దినవాళ్ళ పేరు, ఉతికినవాళ్ళ పేరు, వాళ్ళకిచ్చిన డబ్బూ రాయనిదే ప్రాజెక్టులు చూసి తీర్పు చెప్పే జ్యూరీకి పంపకు. వాళ్ళు ఒప్పుకుంటే ఆ జ్యూరీలో ఒకరిని కూర్చోబెట్టు, నీతో సమానంగా గౌరవవేతనం ఇప్పించి.

ఒక మాట, శివరాత్రి బ్రహ్మోత్సవాల రోజుల్లో పిల్లల్ని శ్రీకాళహస్తికి తీసుకెళ్ళకు, ఊళ్ళో కాలు పెట్టడానికి చోటుండదు. పని నడిచే మామూలు రోజు చూసుకో. ముందే ఫోన్ చేసి, మీరు వెళ్ళడం వల్ల వాళ్ళకి ఆగిపోయే పని విలువెంతో కనుక్కుని, ఆ డబ్బు కాలేజీ చేత మంజూరు చేయించుకున్నాకే బస్సు మాట్లాడు.

ప్రేమతో,
పెద్దమ్మ