బెంగళూరు ట్రైనింగ్ అని చెప్పి అండమాన్ వెళ్లనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నాకు 25 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హాస్టల్లో ఉంటాను. నాన్న బత్తాయి తోట చూసుకుంటారు. సంక్రాంతి అయ్యాక ఆఫీసు ఫ్రెండ్స్ ఐదుగురం, ముగ్గురు అమ్మాయిలం, ఇద్దరు అబ్బాయిలు, ఐదు రోజులు అండమాన్ వెళ్దామనుకున్నాం. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, అక్కణ్నుంచి హేవ్‌లాక్ దీవికి వెళ్లి స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రం లోపలికి దిగడం) చేయాలని ప్లాన్. ఇంట్లో మాటవరసకు కదిపితే నాన్న "నీళ్లల్ల దుంకుడేంది? పెండ్లయినంక మీ ఆయనతోని పో" అన్నారు. అమ్మ "సంబంధాలు చూస్తుంటే ఇప్పుడు ఇదొకటా" అని ఏడ్చింది. నేను అప్పటికే టికెట్లు బుక్ చేసేశాను, ఆ డబ్బు వెనక్కి రాదు. ఆఫీసు ట్రైనింగ్ ఉంది, బెంగళూరు వెళ్తున్నా అని చెప్పి వెళ్లొద్దామనుకుంటున్నా. తమ్ముడికి ఒక్కడికే తెలుసు. నా జీతం నాది, ఇంటికి కూడా పంపిస్తున్నా. ఇంతవరకు నా ఇష్టంతో ఎక్కడికీ వెళ్లలేదు. ఈ అబద్ధం తప్పా? ఇంకో మాట, చిన్నప్పుడు నాకు ఆయాసం (ఆస్తమా) ఉండేది. ఇన్‌హేలర్ మానేసి మూడేళ్లయింది. స్కూబాకు ముందు నింపే ఆరోగ్య ఫారంలో ఆ సంగతి రాయొద్దని ఫ్రెండ్స్ అంటున్నారు. పర్వాలేదు కదా?

— పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: ఉత్తరమంతా ఇంట్లో చెప్పబోయే అబద్ధం గురించి రాసి, ఆయాసం సంగతి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను అక్కడే ఆగిపోయాను. నాన్నకు ఏం చెప్పాలన్నది తర్వాత. ముందు ఆ ఫారం సంగతి చూద్దాం, ఎందుకంటే పర్వాలేదు అనడానికి వీల్లేదు.

ఈత రాకపోయినా స్కూబా చేయొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ దగ్గరుండి చూసుకుంటాడు అని మీ ఫ్రెండ్స్ చెప్పే ఉంటారు. నిజమే. కానీ పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది. అక్కడ సిలిండర్ నుంచి పీల్చిన గాలి మీరు పైకి వస్తున్నకొద్దీ ఉబ్బుతూ, నీటిపైకి చేరేసరికి రెండింతలు అవుతుంది. ఊపిరి వదులుతూ నెమ్మదిగా వస్తే మామూలు మనిషికి ఇబ్బంది లేదు. ఆయాసం ఉన్నవాళ్లకు గాలిగొట్టాలు బిగుసుకున్నాయనుకోండి, ఆ గాలి బయటికి రాలేక లోపలే చిక్కుకుంటుంది. దాంతో ఊపిరితిత్తి చిరగొచ్చు, గాలి బుడగలు రక్తంలోకి పోవచ్చు. పైగా సిలిండర్ గాలి బాగా పొడిగా ఉంటుంది. ఏళ్ల తరబడి రాని ఆయాసం అక్కడ రావడానికి అదొక్కటి చాలు. నేల మీద అయితే కూర్చుని, రెండు పఫ్‌లు తీసుకుని, కాసేపు ఆగొచ్చు. నీళ్లలో ఆ వీలు లేదు. ఫారంలో ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ అని ఒక్కొక్కటీ అడిగేది ఇందుకే. అక్కడ "లేదు" అని టిక్ పెడితే, కింద మీకు ఏదైనా తేడా వచ్చినప్పుడు మీ చెయ్యి పట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్‌కు అసలు కారణమే తెలియదు.

మూడేళ్లుగా మందు లేకుండా ఉన్నారంటే మీకిప్పుడు ఏ సమస్యా లేకపోవచ్చు. కానీ ఆ మాట అనాల్సింది ఛాతీ డాక్టరు, ఫ్రెండ్స్ కాదు. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేసి చూస్తారు. హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక పూట సెలవు పెడితే పని అయిపోతుంది. స్కూబా చేయబోతున్నానని స్పష్టంగా చెప్పి అడగండి. సరేనంటే కాగితం మీద రాయించుకోండి, అక్కడ ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. అయినా డైవింగ్ వాళ్లు వద్దంటే బతిమాలకండి. అలా వద్దన్నవాళ్లు మంచివాళ్లని నా లెక్క. స్కూబా కాకపోతే సీ వాక్ ఉందిగా అంటారేమో, తల మీద హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున నడిచే ఆ ఆటలో కూడా లోతులో పీల్చేది ఒత్తిడి గాలే. లైఫ్ జాకెట్ వేసుకుని నీటిపైన తేలుతూ చేపల్ని చూసే స్నార్కెలింగ్ గురించి కూడా డాక్టర్ని ఆ రోజే అడగండి. ఏం చేసినా, చేయకపోయినా ఇన్‌హేలర్ బ్యాగులో ఉండాలి. స్కూబా చేసినవాళ్లు ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. చివరి రోజు పొద్దున డైవింగ్, మధ్యాహ్నం ఫ్లైట్ అని మీ గ్రూపులో ఎవరైనా ప్లాన్ వేసి ఉంటే మార్పించండి.

ఇక బెంగళూరు. తప్పా అని అడిగారు. పాతికేళ్ల మనిషికి నేను నీతి చెప్పను. మీరు అనుకుంటున్న అబద్ధం ఎక్కడెక్కడ తెగుతుందో చెబుతాను.

హేవ్‌లాక్ పోర్ట్ బ్లెయిర్‌కు ఆనుకుని ఉండదు. ఓడలో సుమారు రెండు గంటల ప్రయాణం, సముద్రం అలజడిగా ఉంటే ఓడలు ఆపేస్తారు. 2016 డిసెంబరులో అలాగే వాతావరణం చెడితే హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు, హెలికాప్టర్లు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. జనవరిలో మామూలుగా సముద్రం ప్రశాంతంగానే ఉంటుంది, మీకు అలా జరుగుతుందని నేననను. కానీ ఒక్క రోజు ఓడ ఆగినా ఫ్లైట్ పోతుంది, ట్రైనింగ్ ఒక రోజు ఎందుకు పెరిగిందో ఇంకో కథ అల్లాలి. ఆ సమయానికి టీవీలో అండమాన్ వార్త వస్తుంటే నాన్న దాన్ని చూస్తూ, "మన పిల్ల బెంగళూరుల ఉన్నది నయం" అనుకుంటారు. అదే సమయంలో మిమ్మల్ని వెతకాల్సిన అవసరం వస్తే, హోటల్లో రాసిచ్చిన అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తారు. అక్కడ ఎవరి నంబరు రాస్తారు? తమ్ముడిదే కదా. ఆ ఫోన్ ఎత్తి, ఇంట్లో ఏం చెప్పాలో తెలియక ఆ కుర్రాడు పడే టెన్షన్ ఒక్కసారి ఊహించండి. 2020లో సముద్రం అడుగున కేబుల్ వేశాక అక్కడ ఫోన్లు, ఇంటర్నెట్ మెరుగయ్యాయి గానీ ఓడలో ఉన్నంతసేపు సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. అమ్మ ఫోన్ చేస్తే గంటల తరబడి కలవదు.

చిన్న సంగతి ఇంకొకటి. అండమాన్ మనకు చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో అక్కడ ఐదుంబావుకు అటూ ఇటూగా పొద్దు గూకుతుంది. ఆరింటికి అమ్మ వీడియో కాల్ చేస్తే మీ కిటికీలో చీకటి కనిపిస్తుంది, బెంగళూరులో ఆ టైముకు ఇంకా ఎండ పోదు. అమ్మ దాన్ని పట్టకపోవచ్చు. ఐదుగురిలో ఒకరు పెట్టే వాట్సాప్ స్టేటస్ మాత్రం మీ మేనమామ కొడుకు పట్టేస్తాడు.

సంబంధాల విషయంలోనూ ఇదే ఇబ్బంది. ఫ్రెండ్స్‌తో అండమాన్ వెళ్లిన పిల్ల అని ఎవరో అంటారని అమ్మ భయం. ఆ మాట ఎప్పటికైనా వస్తుంది, ఫొటోలు ఎక్కడికీ పోవు. అప్పుడు అమ్మ "అవును, ఆఫీసు వాళ్లతో పోయింది, మాకు చెప్పే పోయింది" అనగలిగితే అక్కడితో ఆగుతుంది. "మా పిల్లనా? అండమానా?" అని నలుగురిలో తెల్లబోతే, ఇక అల్లేవాళ్ల ఇష్టం. మీ అమ్మానాన్నలను ఆ స్థితిలో నిలబెట్టకండి.

నాన్న అన్న మాటను మరోసారి చదవండి. "నీళ్లల్ల దుంకుడేంది" అన్నది ముందు, పెండ్లి తర్వాత. నల్లగొండ జిల్లాలో సాగర్ కాలువ పక్కన బతికే వాళ్లకు ఈతకు దిగి తిరిగిరాని పిల్లల కబుర్లు కొత్త కాదు. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతూ హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన డ్యాం నుంచి నీళ్లు వదిలిన సంగతి వాళ్లకు తెలియదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగింది. ఈ రెండూ మన ఇళ్లలో రోజుల తరబడి టీవీల్లో ఆడాయి. అండమాన్‌లోనే 2014 జనవరి 26న పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పర్యాటక పడవ ఒకటి మునిగి 21 మంది పోయారు. కాబట్టి నాన్న భయాన్ని పాతకాలపు చాదస్తం కింద కొట్టేయకండి. దానికి జవాబు చెప్పొచ్చు. ఎక్కే ఓడ పేరు, లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కనన్న మాట, సాయంత్రం తర్వాత సముద్రంలో దిగనన్న మాట, డాక్టర్ రాసిచ్చిన కాగితం, ఇవన్నీ ఆ భయానికి జవాబులే. "లోకం మారింది నాన్నా" అనడం దానికి జవాబు కాదు.

చెప్పడం ఫోన్లో వద్దు. ఆదివారం ఊరికి వెళ్లండి. నాన్న తోటలో ఉన్నప్పుడు ఒక్కరే వెళ్లి చెప్పండి. ఇంట్లో అయితే అమ్మ ఏడుపు మొదలవుతుంది, నాన్న అమ్మను ఓదార్చడానికైనా వద్దంటారు, మీ మాట సగంలో ఆగిపోతుంది. మేనమామనో పెద్దమ్మనో మధ్యలో పెట్టకండి. వాళ్లు వస్తే విషయం ట్రిప్ దాటి మీ పెంపకం దాకా పోతుంది. మొదట టికెట్ సంగతే ఒప్పుకోండి. "నాన్నా, నీకు చెప్పకముందే టికెట్ తీసుకున్న, అది నా తప్పే. అబద్ధం చెప్పి పోవుడు ఇష్టం లేక నీ దగ్గరికొచ్చిన" అంటే ఆయనకు కోపం వస్తుంది, రానివ్వండి. కాసేపు అరిచాక ఆయనే ఏదో ఒకటి అడుగుతారు. ఎవరెవరు పోతున్నరు అనే అడుగుతారు. ఇద్దరు అబ్బాయిలున్నారన్న మాట మీ నోటి నుంచే రావాలి, తర్వాత బయటపడితే మిగతావి కూడా నమ్మరు. అమ్మాయిలకు గది వేరని, ఏ హోటలో, ఏ తేదీన ఎక్కడుంటారో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. ఫోన్లో పంపిన పీడీఎఫ్ ఆయన తెరవరు. మిగతా ఇద్దరమ్మాయిల అమ్మల నంబర్లు తీసుకుని మీ అమ్మతో మాట్లాడించండి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మార్కెట్లో తెలుగు వినిపిస్తుంది, ఈ మాట కూడా చెప్పి చూడండి, మనవాళ్లకు ఎందుకో దీంతో సగం ధైర్యం వస్తుంది. ఒక్క మాట మాత్రం అనకండి, నా జీతం నాది అని. అది నిజమే గానీ, బత్తాయి అమ్మిన డబ్బుతో మీ ఫీజులు కట్టిన మనిషికి అది వేరేలా వినిపిస్తుంది.

ఇంత చెప్పినా నాన్న వద్దంటే? అప్పుడు రెండే దారులు. "నాన్నా, నేను పోతున్న, రోజూ పొద్దునా సాయంత్రం ఫోన్ చేస్త" అని చెప్పి వెళ్లడం ఒకటి. చదువుకుని, సంపాదిస్తున్న పాతికేళ్ల మనిషికి ఆ హక్కు ఉంది. నాన్న కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు, అమ్మ తిండి మానేయొచ్చు. అది భరించగలరా అన్నది మీకే తెలుసు, నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. రెండోది ఈసారికి మానుకోవడం. టికెట్ డబ్బు పోతుందన్న బాధతో మాత్రం ఏదీ నిర్ణయించుకోకండి, ఆ డబ్బు ఇప్పటికే ఖర్చయిపోయింది. మానుకుంటే అదే ఆదివారం నాన్నతో ఇంకో తేదీ, ఇంకో ఊరు మాట్లాడుకుని రండి. మంచితనంగా ఊరుకుని వచ్చేస్తే పెండ్లయ్యే దాకా ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తరు, మీతో సహా. నా మటుకు నేను, డాక్టర్ ఒప్పుకుంటే మీరు వెళ్లాలనే అనుకుంటున్నాను, స్కూబా లేకపోయినా సరే.

తమ్ముడి మాట మిగిలింది. వాడు ఇప్పటికే మీ రహస్యం మోస్తున్నాడు. రేపు నాన్న "నీకు తెలుసా?" అని అడిగితే దెబ్బలు తినేది వాడు. ఇవాళే ఫోన్ చేసి ఇక దాచక్కర్లేదని చెప్పండి. ఆదివారం వాణ్ని కూడా ఇంట్లో ఉండమనండి. మీ తరఫున వాదించమని కాదు, మీరు తోటలో ఉన్నంతసేపు అమ్మ దగ్గర కూర్చోమని.