లారీలో గంజాయిని ఎమ్‌క్యూ-135 సెన్సర్ పసిగడుతుందా?

ఒడిశాలోని జైపూర్ (జయపురం) నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు లారీలు తిప్పుతున్నామని, మనకు తెలియకుండా గంజాయి ఎక్కిస్తే పట్టుకునేలా బాడీలో చవక గ్యాస్ సెన్సర్ ఎమ్‌క్యూ-135 బిగించవచ్చా అని అడిగారు. డబ్బు దండగ.

అందులో ఉండేది వేడెక్కిన టిన్ ఆక్సైడ్ పొర. మండే ఆవిరి ఏది తగిలినా దాని నిరోధం పడిపోతుంది. డీజిల్ అయినా, రాయగడ పేపరు మిల్లుకెళ్ళే నీలగిరి దుంగలైనా ఒకటే మోత. ఘాట్‌లో మంచు పట్టి తేమ పెరిగినా రీడింగ్ కదులుతుంది. పైగా 5 వోల్టుల హీటర్ ఒక రోజైనా ఆగకుండా వేడెక్కితే తప్ప కుదురుకోదు.

అసలు చిక్కు సరుకులోనే ఉంది. మత్తెక్కించే టీహెచ్‌సీ మామూలు వేడికి దాదాపు ఆవిరవదు. ముక్కుకు తగిలే ఘాటు మిర్సీన్, కారియోఫిలీన్ లాంటి టెర్పీన్లదీ (మొక్కల్లో వాసననిచ్చే నూనెలు), కొద్దిపాటి గంధకపు సమ్మేళనాలదీ. కుక్కలు కూడా చాలావరకు ఇలాంటి తోడు వాసనలనే పడతాయి. కొకైన్‌కైతే మిథైల్ బెంజోయేట్, హెరాయిన్‌కైతే వెనిగర్ పులుపు. కారియోఫిలీన్ మిరియాల్లో, లవంగాల్లో కూడా దండిగా ఉంటుంది. కోరాపుట్ మిరియాల బస్తాకీ గంజాయి మూటకీ తేడా చెప్పడం చవక సెన్సర్ వల్ల అవుతుందా?

తనిఖీల్లో మత్తు సరుకు జాడ పట్టే అయాన్ మొబిలిటీ యంత్రంతో గాలి పీల్చి చూడడం కన్నా తుడిచి చూడడమే నమ్మకం. స్టీరింగ్, డోర్ హ్యాండిల్, పట్టా తాడు ముడులు గుడ్డముక్కతో తుడిచి, దాన్ని సుమారు 200 డిగ్రీల వేడికి గురిచేస్తారు. వచ్చిన ఆవిరి అయాన్లుగా మారి గొట్టం దాటడానికి పట్టే మిల్లీసెకన్లే గుర్తు. గ్లౌజు మార్చకపోతే ముందు బండి జాడ మీ బండిలో కనిపిస్తుంది. అందుకే మోత వచ్చాక ఖాళీ గుడ్డముక్క పెట్టి, యంత్రం శుభ్రంగా చూపించేదాకా ఆగాలి. ఆ మోత కూడా అనుమానమే, తేల్చేది ల్యాబే.

మీ చేతిలో ఉన్నది కాగితం. లోడెక్కాక కాటా చీటీ, సీలు నంబరు ఫోటో, దింపేముందు మళ్ళీ కాటా. రెండుసార్లూ ట్యాంకు నింపాకే తూకం వేయించండి; 100 లీటర్ల డీజిల్ తగ్గితే 80 కిలోలకు పైగా తేడా వస్తుంది, లెక్క అక్కడే తప్పుతుంది. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 60వ సెక్షన్ కింద బండి జప్తు కాకుండా ఉండాలంటే ‘నాకు తెలియదు’ అంటే చాలదు, మీరూ డ్రైవరూ తగిన జాగ్రత్తలు తీసుకున్నారని రుజువు చేసుకోవాలి. అప్పుడు అక్కరకొచ్చేవి ఈ చీటీలే.

అనుమానం వస్తే మూట విప్పకండి, ముట్టుకోకండి. బండి పక్కకు ఆపించి మాదకద్రవ్యాల హెల్ప్‌లైన్ 1933కి ఫోన్ చేయండి.