అగ్నిగోళం పక్కన గంజి గిన్నె

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి,

పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం నువ్వు రాసి పంపిన కథనం చదివాను. రెండో అంకంలో సత్రం అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు నీ మాంత్రికుడు చల్లారిన గంజిని ప్రెస్టిడిజిటేషన్ అనే చిన్న మంత్రంతో వేడి చేసి ఇస్తాడు. ఆమె గిన్నె పట్టుకోబోయి, చెయ్యి చురుక్కుమని, కొంగుతో పట్టుకుంటుంది. బాగుంది. పేజీ తిప్పితే అదే మాంత్రికుడు అదే సత్రంలో ఫైర్‌బాల్ అనే అగ్నిగోళం మంత్రం వేసి ఆరుగురు దొంగలను కాల్చేశాడు! 20 అడుగుల వ్యాసార్ధంతో పేలే మంట, పైన తాటాకు కప్పు, ముసలమ్మ ఇంకా అరుగు మీదే ఉంది. ఆమె ఏమైందో నువ్వు రాయలేదు. ఆ కోపంతోనే ఈ ఉత్తరం.

ఫైర్‌బాల్‌కు 8 పాచికలు వేసి, వచ్చిన అంకెలు కూడితే పని అయిపోతుంది. నువ్వు రాయడానికి ఏమీ మిగలదు. చిన్న మంత్రానికి హద్దులున్నాయి, ఆ హద్దుల దగ్గరే కథ పుడుతుంది.

మేజ్ హ్యాండ్ సంగతి చూడు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఆ మాయచెయ్యి 30 అడుగుల దాకా వెళ్తుంది, 10 పౌండ్లకు మించి మోయదు, దాడి చేయదు. ఆదివారాలు మా ఇంట్లో ఆడే కుర్రాడొకడు దానితో కాపలావాడి కళ్లలో కారం కొట్టిస్తానన్నాడు. గుంటూరు పిల్లాడు, కారం కాక ఇంకేం గుర్తొస్తుంది! అది దాడి, కుదరదన్నాను. చాలాసేపు వాదించి, చివరికి సీసాలో కారాన్ని మెట్ల మీద ఒంపిస్తానన్నాడు. సీసా ఒంపడం నిబంధనల్లో ఉన్న పనే. తరుముకొస్తున్న వేటకుక్కలు మూడో మెట్టు దగ్గర ముక్కులు నేలకు రుద్దుకుంటూ చతికిలబడ్డాయి. ఫైర్‌బాల్ చేతిలో ఉంటే వాడికి ఆ మెట్లు కనిపించేవే కావు.

మెండింగ్ అంటే నాకు మరీ ఇష్టం. అడుగుకు మించని పగులునో చిరుగునో ఆనవాలు లేకుండా అతికిస్తుంది. నీ మూడో అంకంలో నాయిక మంత్రిగారి ఉత్తరం దొంగిలించి పారిపోతుంది. ఎందుకు పారిపోవాలి? లక్క ముద్ర పగలగొట్టి, చదివి, అతికించి, ఉన్నచోటే పెట్టవచ్చు కదా. కాకపోతే ఆ మంత్రానికి ఒక నిమిషం పడుతుంది. రెండు అయస్కాంతపు రాళ్లు కూడా కావాలి. మెట్ల మీద చెప్పుల చప్పుడు. రాళ్లలో ఒకటి బల్ల కిందికి దొర్లిపోయింది. ఆ నిమిషాన్ని మూడు పేజీలు రాయి, ఎవరు వద్దంటారో చూస్తాను.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆట మొదటి కూర్పులో క్యాంట్రిప్‌లనే ఈ చిన్న మంత్రాలు లేవు. 1980లలో గైగాక్స్ వీటిని శిష్యులు సాధన కోసం నేర్చుకునే మంత్రాలుగా చేర్చాడు. ఇప్పుడు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. ఫైర్‌బాల్‌కు మాత్రం లెక్క ఉంది. పొద్దస్తమానం చేసే పనిలోనే కదా మనిషి గుణం బయటపడేది.

మంగళగిరి మీదుగా రోజూ కాలేజీకి వెళ్తానని రాశావు. ఆ కొండమీద పానకాల స్వామి తనకు పోసిన పానకంలో సగం తాగి సగం భక్తుడికి వదులుతాడంటారు. బిందెడూ తాగేస్తే ఇంత కథ అయ్యేదా?

నా పాకెట్ నవలల రోజుల్లో ఒక సంపాదకుడు ఫారానికో శవం ఉండాలనేవాడు. అంటే పదహారు పేజీలకో హత్య. దొంగ తలుపు బందులకు ఆముదం రాసి, అది ఇంకేదాకా చీకట్లో కూర్చునే ఘట్టం ఒకటి రాసిచ్చాను. 'ఇది కథా, వడ్రంగం పాఠమా' అని ఎర్ర సిరాతో కొట్టేశాడు. పారితోషికం సగమే చేతిలో పెట్టాడు; మిగతా సగం ఇవాళ్టికీ రాలేదు. అలాంటివాళ్లే ఇంకా 'సంఘర్షణ చాలలేదు' అంటున్నారు. నీకూ ఎవరో అదే చెప్పారన్నావు. వినకు. ఇక ఇప్పటి ఫ్యాషన్ పటాలు, వంశవృక్షాలు. నువ్వూ ఏడు తరాల రాజుల పేర్లు పేర్చావు. వాళ్లలో ఒక్కడైనా అన్నం తిన్నట్టు లేదు.

సత్రం ఘట్టం తిరగరాయి. ప్రెస్టిడిజిటేషన్ దివిటీ ఆర్పుతుంది, వస్తువు మీద గంటసేపు నిలిచే గుర్తు వేస్తుంది, ఘనపుటడుగు పదార్థానికి రుచి మారుస్తుంది. గంట దాటితే ఆ గుర్తూ పోతుంది, ఆ రుచీ పోతుంది. ఆరుగురు దొంగలు, ఒక్క దివిటీ, ముసలమ్మ చేతిలో పొగలు కక్కే గంజి. వాళ్లను ఈ సరంజామాతోనే బయటికి పంపు. ముసలమ్మకు కూడా ఏదో ఒక పని చెప్పు, ఊరికే కూర్చోబెట్టకు.

ఇంగ్లీషులో రాయాలా, ఎవరికి పంపాలి అన్న ప్రశ్నలు అది తయారయ్యాక చూద్దాం. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీసి పంపు, నేనింకా శుక్లాల ఆపరేషన్ చేయించుకోలేదు.

ఆశీస్సులతో.