మా కొట్టం రేకులే ఎందుకు లేచిపోయాయి?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. మొన్న ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నాలుగు గంటలప్పుడు నల్లగా మబ్బు పట్టి, ఉరుముల మధ్య సుడి తిరుగుతూ గాలి వచ్చింది. రెండు నిమిషాలు కూడా లేదు. ఆవుల కొట్టం మీది పద్నాలుగు సిమెంటు రేకుల్లో పదకొండు లేచిపోయి తోటలో పడి ముక్కలయ్యాయి. హుక్కులు మాత్రం దూలాలకే ఉన్నాయి. రెండు బెంగళూరా మామిడి చెట్లు కూలాయి. ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి, ఎదురెదురుగా పడ్డాయి. ఇరవై గజాల అవతల పక్కవాళ్ళ తోటలో కాయ రాలలేదు. మా ఇంటి గూట్లో దీపపు కుంది కూడా కదల్లేదు. కిందటేడు ఇంటి ముందు చింతచెట్టు కొట్టించినందుకే ఇలా అయిందని అత్తయ్య అంటోంది. కొట్టించమన్నది నేనే. అప్పటి నుంచి గాలి లేస్తే చాలు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది టోర్నడోనా? మళ్ళీ వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు చింతచెట్టు సంగతి చెప్తానమ్మా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చంద్రగిరి దగ్గర మా ఊళ్ళో ఇలాంటి గాలే మా గడ్డివామి పైభాగాన్ని ఎత్తుకుపోయింది. మర్నాడు చూస్తే గడ్డంతా తుమ్మకొమ్మలకి వేలాడుతోంది. ఆ సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టాల్సింది నేను. ఆటలో పడి మరిచిపోయాను. మా అవ్వ ఒక్క మాట అంది, అంతే. కాలేజీలో ఫిజిక్స్ చదివేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే గట్టిగా చెప్తున్నాను, మీ తప్పు ఏమీ లేదు. చెట్టు ఉన్నా ఆ గాలి ఆ దారినే వచ్చేది.

మీరు రాసిన వివరాలన్నీ బలహీనమైన టోర్నడోకి, అంటే ఉరుముల మబ్బు కింద నేలదాకా గిర్రున తిరిగే సుడికి, సరిపోతున్నాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చేలల్లో ఎర్రమట్టి లేపుతూ తిరిగే సుడిగాలి వేరు. అది వేడెక్కిన నేల నుంచి పుడుతుంది, దానికి మబ్బుతో పనిలేదు. మీకు వచ్చింది ఉరుముల మబ్బు కింద. ఆ మబ్బు నుంచి కిందికి దూకి నేల మీద పరుచుకునే ఈదురుగాలి కూడా చెట్లను కూలుస్తుంది కానీ, దగ్గర దగ్గరగా ఉన్న చెట్లను సాధారణంగా ఒకే వైపుకి పడేస్తుంది. మీ రెండు మామిళ్ళు ఎదురెదురుగా పడ్డాయి. గాలి సుడి తిరుగుతూ వాటి మధ్యగా పోయిందని ఆ చెట్లే సాక్ష్యం చెప్తున్నాయి.

ఎదురెదురు గాలులు కలిసినచోట నేల దగ్గర చిన్న సుడి పుడుతుంది. పైన పెరుగుతున్న మబ్బు గాలిని పైకి లాగుతుంటే ఆ సుడి సాగి సన్నబడుతుంది, సన్నబడేకొద్దీ వేగం పెరుగుతుంది. ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు చేతులు మడిచి దగ్గరికి జరిగితే గిర్రున తిరిగిపోతాం చూడండి, అలాగే. సన్నగా ఉంటుంది కనకే పక్కతోటకి తగల్లేదు. మబ్బుల్లో గాలి కదలికల్ని పసిగట్టే డాప్లర్ రాడార్లు చెన్నైలో, శ్రీహరికోటలో ఉన్నాయి. కానీ భూమి గుండ్రం కాబట్టి, దూరం పోయేకొద్దీ రాడార్ కిరణం నేలకి ఎత్తుగా పోతుంది. ఇంత చిన్న సుడి దాని కిందే పుట్టి కిందే పోతుంది.

టోర్నడో బలాన్ని అది చేసిన నష్టం చూసి అంచనా కడతారు. ఫుజితా అనే శాస్త్రవేత్త 1971లో ఆ కొలమానం తయారుచేశాడు. 2007 నుంచి అమెరికాలో వాడుతున్న సవరించిన కొలమానంలో అన్నిటికన్నా కింది మెట్టుకే గాలి వేగం గంటకు 105 నుంచి 137 కిలోమీటర్లు. బలహీనం అన్నామే గానీ, సరిగ్గా బిగించని రేకులకి అది చాలు. కప్పు మీదుగా గాలి దూసుకుపోతే రేకులని పైకి పీలుస్తుంది. తెరిచి ఉన్న వైపు నుంచి లోపలికి దూరిన గాలి కింద నుంచి నెడుతుంది. ఆ పీలుపు కప్పు అంచుల్లో, మూలల్లో మరీ ఎక్కువ.

హుక్కులు దూలాలకే ఉన్నాయన్న మాట దగ్గర ఆగి ఆలోచించాను. అంటే దూలం గట్టిదే, హుక్కూ గట్టిదే, హుక్కు చుట్టూ రేకు పగిలి ఊడింది. మిగిలిన మూడు రేకుల బెజ్జాలు ఒకసారి దగ్గరగా చూడండి, వాటి చుట్టూ కూడా అంచులు రాలి, పగుళ్ళు బారి ఉంటే వాటినీ మార్చేయండి. ఈసారి ప్రతి హుక్కుకీ వెడల్పాటి వాషర్ వేయించండి, అంచు రేకులకి హుక్కులు ఎక్కువ కొట్టించండి. గాలికి లేవకుండా రేకుల మీద బండరాళ్ళు పెట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది. దయచేసి వద్దు, రేకుతో పాటు రాయి కూడా వచ్చి మీద పడుతుంది. పాత ముక్కల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దాని దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. ముక్కల్ని నీళ్ళతో తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని తీయండి. ఫొటోలు తీసి సచివాలయంలో నష్టం రాయించాకే తీయండి.

మళ్ళీ వస్తుందా అంటే, అలాంటి సుడి అదే చోటికి రావడం చాలా అరుదు. ఉరుముల ఈదురుగాలి మాత్రం ఏటా మామిడి కాయల మీద ఉండగానే వస్తుంది. అప్పుడు మిద్దింట్లో కిటికీలకి దూరంగా, మధ్య గదిలో ఉండండి, అత్తయ్యనీ పక్కన కూర్చోబెట్టుకోండి. కిటికీలు తెరిస్తే కప్పు నిలుస్తుందని కొందరంటారు, అది నిజం కాదు, అన్నీ మూసేయండి. కరెంటు తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చేయండి. కొత్త రేకులు బిగించేదాకా ఆవుని ఆ కొట్టంలో కట్టకండి.